స్వీడన్ రేడియోలో వేసవి మధ్యాహ్నాలు: ‘సొమ్మర్’ కార్యక్రమంపై చర్చ

ఉత్తరతీరం (స్టాక్‌హోమ్)

మిత్రులారా, స్వీడన్‌లో జూన్ చివర్లో వచ్చే మిడ్‌సమ్మర్ పండుగ నాటి నుంచి ఆగస్టు సగం దాకా ప్రతి మధ్యాహ్నం 1 గంటకు అక్కడి ప్రజా ప్రసార సంస్థ స్వెరియెస్ రేడియో వారి పీ 1 చానెల్‌లో ‘సొమ్మర్’ అనే కార్యక్రమం ప్రసారమవుతుంది. సొమ్మర్ అంటే వేసవి. రోజుకు ఒక్కరే వక్త. ఆ మనిషిని ప్రశ్నలడిగే వారు గానీ, మధ్యలో మాట అందుకునే వ్యాఖ్యాత గానీ ఉండరు. ఏం చెప్పాలో, ఏ పాటలు వినిపించాలో నిర్ణయించుకునేది ఆ వక్తే. రచయితలు, శాస్త్రవేత్తలు, క్రీడాకారులు, నటులు, రాజకీయ నాయకులే కాక, అంతకుముందు ఎవరికీ పేరు తెలియని సామాన్యులు కూడా ఈ మైకు ముందు కూర్చున్నారు. 1959 జూన్ 29న మొదలైన ఈ ఆనవాయితీ నేటికీ కొనసాగుతోంది.

జూలైలో ఇక్కడ ఎవరిని పలకరించినా, నిన్నటి వక్తను విన్నారా అన్న ప్రశ్న ఏదో ఒక క్షణంలో వచ్చి తీరుతుంది. స్వీడన్‌లో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి కార్యక్రమం పేరు తెలుసు గానీ, పూర్తిగా కూర్చుని విన్నవారు తక్కువ. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక దేశమంతా ఒక మనిషికి అడ్డు తగలకుండా గంటకు పైగా సమయమిచ్చి వినడమే ఈ కార్యక్రమానికి ప్రాణం. పాటలైనా, ప్రముఖుల పేర్లైనా దాని తర్వాతే. మీరేమంటారు?

పాతపాటలప్రేమి (విజయవాడ)

ఉత్తరతీరం గారూ, చర్చకు ధన్యవాదాలు. అయితే పాటలది తర్వాతి స్థానం అన్న మాటను నేను ఒప్పుకోలేను. నాకు స్వీడిష్ భాష రాదు. అయినా స్వెరియెస్ రేడియో వారి యాప్‌లో కొన్ని భాగాలు విన్నాను. మాట అర్థం కాకపోయినా, ఒక పాట ముగిసి మనిషి గొంతు మళ్లీ వినిపించే ఆ సంధి దగ్గర ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది. ఆ పాట ముందు చెప్పినదాన్ని మోస్తోంది, లేదా తర్వాత చెప్పబోయేదానికి శ్రోతను సిద్ధం చేస్తోంది.

మన ఆకాశవాణి వివిధ భారతిలో సినీ ప్రముఖులు తమకు నచ్చిన పాటలు ఎంచుకుని, వాటి వెనుక ముచ్చట్లు చెబుతూ వినిపించిన ప్రత్యేక జనరంజని ఈ చర్చా వేదికలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండింటికీ పోలిక ఉంది గానీ తేడా కూడా పెద్దదే. జనరంజనిలో మాట్లాడేవారు సినిమారంగానికి చెందినవారు, పాటలూ సినిమావే. అందువల్ల మాట ఎప్పుడూ వృత్తి చుట్టూనే తిరిగేది. సొమ్మర్‌లో ఒక వైద్యుడు తన తండ్రి గురించి చెబుతూ మధ్యలో శాస్త్రీయ సంగీతమూ వినిపించవచ్చు, జాజ్ కూడా వినిపించవచ్చు. ఆ ఎంపికలోనే మనిషి సగం బయటపడతాడు.

హేమంతి (గోథెన్‌బర్గ్)

నేను ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. నాకు తెలిసిన సొమ్మర్ పూర్తిగా ఆ ఆశ్రమపు భోజనశాలలో విన్నదే కాబట్టి, అక్కడి సంగతే రాస్తాను.

మధ్యాహ్న భోజనం పన్నెండింటికి పూర్తవుతుంది. వేసవిలో కొత్త బంగాళాదుంపలను సోయకూర (డిల్)తో ఉడికించి, ఊరవేసిన హెర్రింగ్ చేపతో కలిపి పెట్టే రోజులుంటాయి. బల్లలు తుడిచేసరికి పన్నెండూ ముప్పావు అవుతుంది. అప్పటి నుంచే కొందరు కుర్చీలను కిటికీ పక్కకు జరపమంటారు. కాఫీ కార్యక్రమం మొదలవకముందే పోయాలి, ఆ తర్వాత కప్పుల చప్పుడు ఉండకూడదు. ఇది ఎవరూ గోడమీద రాసిపెట్టిన నియమం కాదు గానీ, కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఒంటిగంటకు ఆ ప్రసిద్ధ ఆరంభ గీతం మొదలవగానే, ఎవరి పేరూ గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న ఒక పెద్దావిడ కుర్చీ చేతిమీద చూపుడువేలితో సరిగ్గా లయకు తాళం వేస్తుంది. ఆవిడకు ఆరోజు వక్త ఎవరో తెలియదు, చెప్పే కథ నిలవదు. కానీ ఆ పాట వస్తే తను ఎక్కడుందో, ఇది ఏ కాలమో తెలుస్తున్నట్టు ముఖం విచ్చుకుంటుంది.

కార్యక్రమం అయ్యాక చర్చ మొదలవుతుంది. ఒక ముసలాయన, పాత కాలపు ఓడ ఇంజనీరు, ఏ వక్తనూ పూర్తిగా మెచ్చడు, కానీ ఒక్కరోజు కూడా మానడు. నేను ఈ భాష నేర్చుకున్నది ప్రభుత్వం వలసదారులకు ఉచితంగా నడిపే తరగతుల్లోనే అయినా, మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేర్చుకున్నది మాత్రం ఈ బల్లల దగ్గర నిలబడి విన్నప్పుడే. స్వీడన్‌లో మనుషులు పరిచయం లేనివారితో మనసు విప్పడం తక్కువ. అలాంటి చోట ఒక మనిషి తన బాల్యం గురించి, తప్పిపోయిన స్నేహం గురించి, జబ్బు గురించి దేశమంతటితో ఇలా చెప్పుకోవడం నాకు మొదట ఆశ్చర్యంగా అనిపించింది. ఎదురుగా మనిషి లేకపోవడం వల్లనే చెప్పగలుగుతున్నారేమో అని ఇప్పుడు అనుకుంటాను.

చదువరి (హైదరాబాద్)

హేమంతి గారు రాసినది చదివాక ఇందులో చరిత్ర భాగాన్ని కొంచెం పూరించాలనిపించింది.

ఈ కార్యక్రమం ఆలోచన టాగె డానియెల్సన్‌ది. ఆయన అప్పట్లో స్వీడిష్ రేడియో వినోద విభాగంలో ఉండేవారు. తర్వాతి కాలంలో హాన్స్ అల్ఫ్రెడ్‌సన్‌తో కలిసి ఆ దేశపు హాస్యానికీ సినిమాకూ పెద్ద పేరు తెచ్చారు. 1985లో మరణించారు. 1959లో మొదటి వక్త యోర్గన్ సెదర్‌బెర్గ్. ఆరంభ గీతం ‘సొమ్మర్, సొమ్మర్, సొమ్మర్’కు బాణీ కట్టినది స్టెన్ కార్ల్‌బెర్గ్, పదాలు ఎరిక్ సాండ్‌స్ట్రోమ్‌వి.

అది మొదలైన కాలాన్ని గుర్తుపెట్టుకోవాలి. స్వీడన్‌లో రేడియో ప్రసారాలు 1925 జనవరి 1 నుంచి ఒకే సంస్థ చేతిలో ఉండేవి. ప్రైవేటు వాణిజ్య రేడియోకు అనుమతి 1993లో గానీ రాలేదు. జనం తేలికపాటి సంగీతం కోసం తహతహలాడుతున్న ఆ రోజుల్లోనే, 1961లో స్టాక్‌హోమ్ తీరానికి ఆవల సముద్రంలో ఒక ఓడ మీద నుంచి ‘రేడియో నోర్డ్’ అనే అనధికార కేంద్రం పాటలు వినిపించడం మొదలుపెట్టింది. దానికి జవాబుగా అధికారిక రేడియో అదే సంవత్సరం ‘మెలొదిరాడియోన్’ పేరుతో పాటల ప్రసారం పెంచింది. కొందరు ఈ గొడవలోనే సొమ్మర్ పుట్టిందని అనుకుంటారు. కానీ అది ఓడ రాకముందే మొదలైంది. అంటే పోటీకి భయపడి పుట్టిన కార్యక్రమం కాదిది. తీరికగా ఉన్న వేసవిలో ఒకరి మాటలనూ పాటలనూ కలిపి వినిపిద్దాం అన్న సాదాసీదా ఆలోచనే దీనికి మూలం.

ఇక వేసవి తీరిక గురించి ఒక మాట. స్వీడన్‌లో చట్టప్రకారం ఏటా ఐదు వారాల జీతంతో కూడిన సెలవు 1978 నుంచి ఉంది. 1938లో రెండు వారాలతో మొదలై, 1951లో మూడు, 1963లో నాలుగు వారాలై, చివరికి ఐదుకు చేరింది. జూన్, ఆగస్టుల మధ్య వరుసగా నాలుగు వారాలు తీసుకునే హక్కు కూడా ఉద్యోగికి ఉంది. ఆ దేశంలో సుమారు ఆరు లక్షల వేసవి ఇళ్లున్నాయి, చాలావరకు చిన్న చెక్క ఇళ్లు. జూలైలో దేశం ఆ ఇళ్ల వసారాల్లోకీ, పడవల్లోకీ, ఉత్తరానికి వెళ్లే రహదారుల మీద కార్లలోకీ తరలిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంతమంది ఖాళీగా, చేతిలో పని లేకుండా ఉండగలిగినప్పుడే ఇంత నిదానమైన కార్యక్రమం నిలుస్తుంది. ఇదే గంటన్నర మాటను ఫిబ్రవరి మంగళవారం వినిపిస్తే ఎవరు వింటారు? క్రిస్మస్, నూతన సంవత్సరం సెలవుల్లో ‘విన్టర్’ పేరుతో దీనికి తమ్ముడి లాంటి కార్యక్రమం వస్తుంది. అదీ సెలవుల మీదే ఆధారపడింది.

ఉప్సలావిద్యార్థి

చదువరి గారు ఇచ్చిన వివరాలతో ఏకీభవిస్తూనే, మా తరం వినే పద్ధతి వేరని చెప్పాలి. నేను ఏనాడూ ఒంటిగంటకు రేడియో ముందు కూర్చోలేదు. పాడ్‌కాస్ట్ రూపంలో బస్సులోనో, గిన్నెలు కడుగుతూనో వింటాను. తరగతిలో ఎవరైనా ఒక వక్త పేరు చెబితే, ఆ సంవత్సరానిది కాకపోయినా వెతికి వినవచ్చు. వినడానికి రోజు, గంట అవసరం లేకుండా పోయింది కాబట్టే ఇంకా కొత్త శ్రోతలు చేరుతున్నారని నా అభిప్రాయం.

స్వీడిష్ నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఒక సూచన. ముందుగా స్వెరియెస్ రేడియో వారి సులభ భాషా వార్తలు ‘క్లార్‌టెక్స్ట్’ వినండి. అది కొంత పట్టుబడ్డాక, సొమ్మర్‌లో వయసైన వక్తలు మాట్లాడిన భాగాలు తీసుకోండి. వారి ఉచ్చారణ స్పష్టంగా, వేగం తక్కువగా ఉంటుంది.

పాతపాటలప్రేమి

విద్యార్థి గారూ, మీరు విన్న పాడ్‌కాస్ట్‌లో పాటలు పూర్తిగా ఉండవన్న విషయం గమనించే ఉంటారు. హక్కుల కారణంగా పాట మొదలైన కొద్ది సెకన్లకే తగ్గించి, వెంటనే మాటలోకి వెళ్లిపోతారు. పూర్తి పాటలతో కూడిన ప్రసారం కొద్ది కాలం మాత్రమే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనూ యాప్‌లోనూ ఉంటుంది. నా బాధంతా ఇదే. పాట తీసేస్తే మిగిలేది ఉపన్యాసం మాత్రమే.

ఇది నా పట్టుదల అనుకోకండి. పాట సాగే మూడు నాలుగు నిమిషాలు శ్రోతకు కూడా అవసరం. ఒక వక్త తన బిడ్డ పోయిన సంగతి చెప్పి ఆపిన వెంటనే ఇంకొక మాట వస్తే, విన్న మాట లోపలికి దిగడానికి చోటు ఉండదు. నేను చెబుతున్న ఆ చోటు సంగీతమే ఇస్తుంది. రాసేటప్పుడు వక్త ఆ నాలుగు నిమిషాలను లెక్కలో పెట్టుకునే వాక్యం ముగిస్తాడు. ఆ లెక్క మారిపోతే ఆ వాక్యానికి అర్థం మారుతుంది. కాబట్టి మీరు వింటున్నది అదే కార్యక్రమం అనుకోవడం సరికాదని నా మనవి.

ఉప్సలావిద్యార్థి

సంగీతం విషయంలో మీ వాదన బలమైనదే. అయినా పాడ్‌కాస్ట్‌లో మాటల మీదే ధ్యాస నిలవడం వల్ల భాష నేర్చేవారికి మేలు జరుగుతోందన్నది నా అనుభవం. రెండూ వేర్వేరు అవసరాలు తీరుస్తున్నాయని నేను ఇంకా అనుకుంటున్నాను. ఈ ఒక్క విషయంలో మనకు పొత్తు కుదిరేలా లేదు.

నిక్కచ్చి (మాల్మో)

చర్చలో ప్రశంసలే కనబడుతున్నాయి. కాస్త భిన్నమైన మాట కూడా అవసరం. ప్రతి సంవత్సరం వేసవి మొదట్లో ఆ ఏటి వక్తల పేర్లు ప్రకటించేటప్పుడు వారందరూ తలమీద పూలదండలు పెట్టుకుని ఫొటో దిగుతారు. ఆ రోజు నుంచే పత్రికల్లో ఎవరు బాగుంటారు, ఎవరు అర్హులు అన్న వాదన మొదలవుతుంది. ప్రసారమైన ప్రతి భాగానికీ పత్రికలు సమీక్ష రాసి మార్కులు వేస్తాయి. దానివల్ల వక్తలు కొందరు తమ జీవితంలోని దుఃఖాన్ని ఒక పద్ధతి ప్రకారం అమర్చి చెప్పడం అలవాటైంది. ముందు నవ్వించడం, మధ్యలో తల్లిదండ్రుల మరణం, చివర ఒక పాట. ఇది రచన అయిపోయింది, మాట కాకుండా పోయింది.

నా దృష్టిలో ఈ కార్యక్రమపు గౌరవం నిలబెట్టేది శ్రోతలు ప్రతిపాదించి ఎంచుకున్న వక్తే. ఏటా ఒకరిని శ్రోతల ప్రతిపాదనల నుంచి తీసుకుంటారు. పేరు లేని మనిషికి ఒక రోజు పూర్తిగా దక్కడం చిన్న సంగతి కాదు. ఆ ఒక్క రోజునే నేను తప్పకుండా వింటాను.

హేమంతి

నిక్కచ్చి గారూ, మీరన్నదాంట్లో వాస్తవం ఉంది. మా ఆశ్రమంలోని ఓడ ఇంజనీరు కూడా సరిగ్గా ఇదే మాట అంటాడు, పైగా మీకంటే గట్టిగా. అయినా ఒక విషయం ఆలోచించండి. దుఃఖాన్ని ముందుగా రాసుకుని చదవడం దాని నిజాన్ని తగ్గిస్తుందా? వక్త ఆ పుటలు రాసేటప్పుడు నిర్మాత ఒకరు పక్కన ఉండి, ఇక్కడ నిదానించండి, ఇక్కడ వద్దు అని సలహా ఇస్తారు. ఎక్కువ భాగాలు ముందే రికార్డు చేసినవే. మన ఇళ్లల్లో కూడా ఒక చావు గురించి ఎన్నోసార్లు చెప్పుకుని, చెప్పేకొద్దీ ఒక క్రమంలో పడిన మాటలుంటాయి కదా. అవి అబద్ధమని మనం అనం.

రాసుకున్నా రాసుకోకపోయినా, వినే మనిషిమీద పని చేసేది గొంతే. ఏళ్లుగా బిడ్డతో మాట్లాడని ఒక తండ్రి, ఒక వక్త తన తండ్రి గురించి చెప్పింది విని, మరునాడు నన్ను ఫోన్ నంబరు వెతికిపెట్టమని అడిగాడు. ఆ ఫోన్‌లో ఏం జరిగిందో నాకు తెలియదు, తెలుసుకోవడం నా పని కాదు. కానీ ఆ వక్త మాటలు ఒక పద్ధతి ప్రకారం అమర్చినవైనా, ఆ తండ్రి చేతికి ఫోన్ ఇచ్చాయి.

నిక్కచ్చి (మాల్మో)

హేమంతి గారూ, మీరు చెప్పింది కాదనలేను. ప్రముఖులకు ఇచ్చినన్ని రోజులు సామాన్యులకు కూడా ఇవ్వాలన్న నా కోరిక మాత్రం అలాగే ఉంది.

ఉత్తరతీరం

చర్చ ఎంతో లోతుగా సాగుతోంది. స్వీడిష్ రాని మిత్రులకు ఒక దారి చూపుతాను. 2020 జూన్ 20న, అంటే ఆ ఏటి మిడ్‌సమ్మర్ రోజున, వాతావరణ ఉద్యమకారిణి గ్రేటా తున్‌బెర్గ్ మాట్లాడిన భాగానికి ఇంగ్లీషు రూపం కూడా ఉంది. 2019లో ఆమె విమానం ఎక్కకుండా అట్లాంటిక్ సముద్రాన్ని పడవలో దాటి, ఉత్తర అమెరికాలో రైల్లోనూ కారులోనూ తిరిగిన సంగతులు, ఐక్యరాజ్యసమితిలో తనతో సెల్ఫీలు దిగడానికి ప్రపంచ నాయకులు వరుసకట్టిన తీరు అందులో ఉన్నాయి. ఆమె అభిప్రాయాలతో ఎవరికి ఎంత ఏకీభావం ఉన్నా, పదిహేడేళ్ల పిల్లకు ఆ దేశం అంత సమయం ఎలా ఇచ్చిందో, ఆ పిల్ల దాన్ని ఎలా వాడుకుందో చూడాలంటే అదే మంచి ఆరంభం. అందులో వేదిక మీది ప్రసంగాల కంటే మెల్లగా, ప్రయాణాల్లో గమనించిన చిన్న సంగతుల మీద నిలబడి మాట్లాడుతుంది. బహిరంగ సభలో పది నిమిషాల్లో చెప్పలేని మాట ఈ గంటన్నర రూపంలో ఎలా సాధ్యమవుతుందో అక్కడ తెలుస్తుంది.

పాటల విషయంలో పాతపాటలప్రేమి గారి మాటకు నేను కొంత దగ్గరయ్యాను. పూర్తి ప్రసారాన్నే వినమని ఇకమీదట స్నేహితులకు సూచిస్తాను. అయినప్పటికీ ఆటంకం లేని సమయమే ప్రాణమన్న నా మొదటి అభిప్రాయం నుంచి కదలలేదు.

డల్లాస్‌తెలుగు

ఇన్నాళ్లూ ఈ చర్చ చదువుతూ ఉన్నాను, మొదటిసారి రాస్తున్నాను. మా అక్క కుటుంబం గుంటూరులో ఉంది, మేము అమెరికాలో. ప్రత్యక్ష ప్రసారాన్ని ఒకేసారి వినాలంటే ఏ సమయం చూసుకోవాలి? విదేశాల్లో వినడానికి వీలుంటుందా?

చదువరి (హైదరాబాద్)

డల్లాస్‌తెలుగు గారూ, వేసవిలో స్వీడన్‌లో మధ్యాహ్నం 1 గంట అంటే మన దేశంలో సాయంత్రం 4 గంటల 30 నిమిషాలు. మీకు డల్లాస్‌లో ఉదయం 6 గంటలు, న్యూయార్క్ వారికి 7 గంటలు. స్వెరియెస్ రేడియో యాప్‌ను ఇక్కడ నుంచి కూడా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో పీ 1 చానెల్ ఎంచుకుని పది నిమిషాల ముందే తెరిచి ఉంచండి. తర్వాత విందామనుకుంటే, అదే యాప్‌లో పూర్తి ప్రసారం ఉన్న కొద్ది రోజుల్లోనే వినండి, ఆలస్యమైతే పాటలు కుదించిన రూపమే దొరుకుతుంది. గుంటూరులో మీ అక్కగారు కాఫీ తాగే సమయం, మీరు నిద్రలేచే సమయం దాదాపు ఒకటవుతాయి కాబట్టి, వీలైతే ఈ వేసవి మిడ్‌సమ్మర్ శనివారం నుంచే మొదలుపెట్టండి. విన్న తర్వాత ఎవరు మీకు నచ్చారో ఇక్కడ రాయండి.